పాత పళ్ళకు కొత్త చైను

అసూయకు కళ్ళుండవంటారు. ఎవరన్నారో గానీ పర్సిస్‌ను చూసి మాత్రం అని ఉండరు. ఆమె అసూయకు కళ్ళూ ఉన్నాయి, చెవులూ ఉన్నాయి, పైగా వంటింట్లోంచి గరాజ్‌లోకి వెళ్ళే తలుపు పక్కన నిలబడడానికి కాళ్ళు కూడా ఉన్నాయి. ఆ సోమవారం సాయంత్రం పప్పు అడుగంటుతుంటే, స్టవ్ దగ్గర ఉండాల్సిన మనిషి ఆ తలుపు దగ్గర ఉంది. తలుపవతల ఆమె మొగుడు మాట్లాడుతున్నాడు.

మాట్లాడుతున్నాడు! లెవి! వాళ్ళు వెళ్ళే తెలుగు చర్చిలో ఆ పెద్దమనిషిని 'ఆమెన్ బ్రదర్' అంటారు. ఆరాధన మొదలైన దగ్గర్నుంచి అయిపోయేదాకా ఆయన నోట్లోంచి వచ్చేది ఆ ఒక్క మాటే. ఇంట్లో అదీ లేదు. అన్నం పెట్టనా అంటే ఊఁ, మీ తమ్ముడు ఫోన్ చేశాడంటే ఊఁ, నేను చచ్చిపోతే ఏం చేస్తారని ఒకసారి విసుగెత్తి అడిగితే దానికీ ఊఁ. పిల్లలు లేని ఇల్లు. టీవీ అయినా పెట్టుకోకపోతే ఫ్రిజ్ చప్పుడు వినుకుంటూ కూర్చోవాలి. ఆ బెల్లం కొట్టిన రాయి ఇప్పుడు గుక్క తిప్పుకోకుండా చెబుతోంది.

"ఇదిగో షెరిన్, ఈ స్కేల్ పెట్టి చూడు. కొత్త చైన్ అయితే ఈ పిన్ను సరిగ్గా గీత మీదకి రావాలి. నీది చూశావా, గీత దాటి బైటికి పోయింది. సాగిందంటారు గానీ, నిజానికి ఇనుము ఎక్కడ సాగుతుంది? లోపల పిన్నులు అరిగి అరిగి ఒక్కో లింకులో వెంట్రుకవాసి సందు పడుతుంది. అన్నీ కలిస్తే ఇదిగో, ఇంత."

"మరి ఇన్నాళ్ళూ బానే నడిచిందిగా అన్నయ్యా?" అంటోంది ఆ పిల్ల.

"నడుస్తుంది! అదే కదా తమాషా! చైన్‌తో పాటే వెనక పళ్ళ చక్రాలూ అరుగుతాయి. రెండూ కలిసి పాడవుతాయి కాబట్టి దీని తప్పు దానికి తెలీదు. కొత్త చైన్ ఒక్కటే వేశావనుకో, అప్పుడు మొదలవుతుంది గోల. పాత పళ్ళ మీద కొత్త చైన్ నిలవదు. గట్టిగా తొక్కావంటే జారుతుంది. అందుకే ఆ వెనకది కూడా మార్చెయ్యాలి. ఇక్కడ క్యాసెట్ అంటార్లే."

తమాషా అన్నాడు! ఇన్నేళ్ళ కాపురంలో ఆ మాట ఆయన నోట వినలేదు పర్సిస్. తమాషా అనే మాట ఆయనకు వచ్చని కూడా ఆమెకు తెలియదు.

షెరిన్‌ది తణుకు. అమెరికా వచ్చి ఇక్కడి యూనివర్సిటీలో ఎమ్మెస్ చేస్తోంది, క్యాంపస్ క్యాంటీన్‌లో షిఫ్టులు చేస్తోంది. ఊరు వదిలి వెళ్ళిపోతున్న సీనియర్ ఎవరో తన పచ్చ సైకిల్ ఈ పిల్లకిచ్చి పోయాడు. ఆ సైకిల్ వయసు ఈ పిల్ల వయసుకన్నా ఎక్కువే ఉంటుంది. చర్చిలో కారు లేని స్టూడెంట్లందరి సైకిళ్ళూ బాగుచేసేది లెవీయే. మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ మెషిన్లు చూసుకునే ఉద్యోగం ఆయనది. పొద్దంతా మెషిన్లు చాలనట్టు సాయంత్రమూ అవే. మగపిల్లలు సైకిల్ గరాజ్‌లో పడేసి, బాగయ్యాక తీసుకుపోతారు. ఈ పిల్ల మాత్రం పక్కన కూర్చుంది. ఎందుకు, ఏమిటి, ఎలా అని అడిగింది. లెవి చెప్పాడు. జరిగిందల్లా అంతే.

పర్సిస్ టీలు పట్టుకుని తలుపు తీసింది. లోపల మాట టక్కున ఆగిపోయింది. షెరిన్ మురికి చేతులతోనే లేచి నిలబడి, "వందనాలక్కా" అంది. బుగ్గ మీద నల్లటి గ్రీజు మరక, దాని కింద నవ్వు. లెవి తలెత్తకుండా, "ఊఁ, అక్కడ పెట్టు" అన్నాడు.

రాత్రి భోజనాల దగ్గర పర్సిస్ చాలా మామూలుగా అడిగింది. అంత మామూలుగా అడగడానికి ఆమె సాయంత్రం నుంచీ సాధన చేసింది.

"ఆ అమ్మాయి సైకిల్‌కి ఏమైందండీ?"

"చైను."

"చైనుకేమైంది?"

"అరిగింది."

"ఎందుకరుగుతుంది?"

"తొక్కితే అరుగుతుంది," అని మజ్జిగ పోసుకున్నాడు.

పర్సిస్ కడుపు భగ్గున మండింది. స్కేల్ ఏది? గీత ఏది? వెంట్రుకవాసి సందు ఏది? ఆ పిల్లకైతే విస్తరి నిండా వడ్డించి, కట్టుకున్నదానికి అడుగు గీకి పెడతాడా?

ఇది అనుమానం కాదు. అనుమానమైనా బాగుండేది, ఎవరికైనా చెప్పుకునేది. పాస్టరమ్మ విమలకుమారి గారి చెవిన వేస్తే ఆవిడ ఉపవాస ప్రార్థన పెట్టించేవారు, నలుగురు ఆడవాళ్ళు వచ్చి పర్సిస్ భుజం మీద చెయ్యి వేసి ఏడ్చేవారు. మా ఆయన వేరే పిల్లకి సైకిల్ చైను గురించి వివరంగా చెబుతున్నాడమ్మగారూ, అని ఏ మొహం పెట్టుకుని చెప్పుకోవడం? ఏ బైబిల్లో ఉంది దానికి వచనం?

మంగళవారం సాయంత్రం చైను మార్చారు. కొత్త చైను ఒకటి లెవి దగ్గరే ఉంది. పాతదాన్ని పక్కన పెట్టి కొలిచి, ఎక్కడ తెంపాలో షెరిన్ చేతే గుర్తు పెట్టించాడు. చిన్న మరలాంటి పనిముట్టు ఇచ్చి, "నెమ్మదిగా తిప్పు. పిన్ను పూర్తిగా బైటికి రాకూడదు. కొసన ఆగాలి. వస్తోంది, వస్తోంది... ఆఁ! ఆపు!" అన్నాడు. పిన్ను ఆగింది. "శభాష్!" అన్నాడు లెవి, ఆ తరవాత నవ్వాడు. తలుపు సందులోంచి పర్సిస్‌కు ఆయన వీపే కనపడుతోంది. వీపు కూడా నవ్వుతోంది, ఆ మనిషిది!

షెరిన్ సైకిలెక్కి గరాజ్ ముందు ఒక చుట్టు తొక్కింది. ఎప్పుడూ తొక్కే చిన్న చక్రం మీద బలంగా కాలు వేయగానే చైను 'టక్' మని జారింది. పిల్ల తుళ్ళిపడి కాలు కింద పెట్టింది.

"చెప్పానా? నువ్వెక్కువ వాడింది ఆ చక్రమే, దాని పళ్ళు కొక్కేల్లా వంగిపోయాయి. క్యాసెట్ ఆర్డర్ పెట్టాను, రేపు వస్తుంది. అంతదాకా తొక్కద్దు."

"షిఫ్ట్ ఉందన్నయ్యా. మా అపార్ట్‌మెంట్ దగ్గర బస్ ఎప్పుడొస్తుందో దానికే తెలీదు. లేటైతే షిఫ్ట్ వేరేవాళ్ళకి ఇచ్చేస్తారు."

"తప్పకపోతే పెద్ద చక్రం మీదే పెట్టుకుని నిదానంగా పో. సిగ్నల్ దగ్గర లేచి నిలబడి మాత్రం తొక్కద్దు. రేపు సాయంత్రం వచ్చెయ్, ఆ క్యాసెట్ నీ చేతే విప్పిస్తా. దాంట్లో ఉంది అసలు మజా."

తమాషా అయింది, శభాష్ అయింది, ఇప్పుడు మజా! పర్సిస్ తలుపు వదిలి వెళ్ళి, అక్కర్లేకపోయినా సింకులో గిన్నెలన్నీ మళ్ళీ కడిగింది.

మరునాడు ఆమెకు ఇంటి నుంచి పని. మధ్యాహ్నం మీటింగ్ నడుస్తుండగా కాలింగ్ బెల్ మోగింది. తలుపు తీసేసరికి డెలివరీ కుర్రాడు ఫోన్ జేబులో పెట్టుకుంటూ వెనక్కి తిరిగాడు. గుమ్మంలో చిన్న అట్టపెట్టె. ఎత్తి చూస్తే ఆ సైజుకు మించిన బరువు. పైన లెవి పేరు.

తెచ్చి డైనింగ్ టేబుల్ మీద పెట్టింది. మీటింగ్‌లో ఎవరో ఏదో అడిగితే సమాధానం చెప్పింది. చెబుతూనే పెట్టె వంక చూసింది. సాయంత్రం ఇది చూడగానే ఆయన మొహం ఎలా వెలుగుతుందో ఆమెకు కనిపించింది. ఆ పిల్ల రావడం, గరాజ్ తలుపు మూసుకోవడం, అవతల ఆ మజా మొదలవడం, అన్నీ ముందే వినిపించాయి. మీటింగ్ అయ్యాక పెట్టె తీసుకెళ్ళి ప్యాంట్రీలో బియ్యం బస్తా వెనక పెట్టింది. పెట్టి, బస్తాను కాస్త గోడ వైపు జరిపింది. ఒక్క సాయంత్రం, అనుకుంది. నాకు ఒక్క సాయంత్రం చాలు, రేపిచ్చేస్తాను.

లెవి వచ్చాడు. బూట్లు విప్పుతూ గుమ్మం వంక చూశాడు, తరవాత ఆమె వంక చూశాడు.

"పార్సిలేమైనా వచ్చిందా?"

"లేదే," అంది పర్సిస్. ఆ గొంతు తనదేనా అనిపించింది.

"ఊఁ," అని కాసేపు అక్కడే నిలబడ్డాడు. తరవాత ఫోన్ తీసి షెరిన్‌కు చెప్పాడు. "ఇంకా రాలేదమ్మా. రేపు చూద్దాం."

ఆ సాయంత్రం ఆయన గరాజ్‌లోకి వెళ్ళలేదు. వంటింట్లో స్టూలు మీద కూర్చుని ఆమె ఉల్లిపాయలు తరుగుతుంటే చూశాడు. గోంగూర రెండుసార్లు వేసుకున్నాడు. తిన్నాక ఎన్నడూ లేనిది గుడ్డ తీసుకుని ఆమె కడిగిన గిన్నెలు తుడిచాడు. మాట లేదు, అది వేరే సంగతి. కానీ పక్కన నిలబడ్డాడుగా! పర్సిస్ గుండె చిన్నపిల్లలా గంతులేసింది.

గురువారం షెరిన్ ఫోన్ చేసింది. "లేదమ్మా, ఇవాళా రాలేదు," అన్నాడు లెవి. ఈ మనిషికి ఆ కొరియర్ వాళ్ళని అడగాలని కూడా తోచదేమిటని ఆశ్చర్యపోయింది పర్సిస్. ఆశ్చర్యం కన్నా సంతోషం ఎక్కువ వేసింది కాబట్టి దాని గురించి మరి ఆలోచించలేదు. అన్నం తిన్నాక ఆయన గుమ్మంలో నిలబడి, "వాకింగ్‌కి వస్తావా?" అన్నాడు. కాలనీ చుట్టూ తిరిగొచ్చారు. తడిసిన మేపుల్ ఆకులు రోడ్డంతా పరుచుకుని ఉన్నాయి. ఒకచోట ఆమె కాలు జారబోతే మోచెయ్యి పట్టుకున్నాడు, వెంటనే వదల్లేదు. బియ్యం బస్తా వెనకున్న ఇనప ముక్క తనకు ఇంత తెచ్చిపెట్టిందా అనుకుంది పర్సిస్. రేపు తీసి ఇచ్చెయ్యాలి. కనీసం ఎల్లుండి.

శుక్రవారం మధ్యాహ్నం చర్చి వాట్సాప్ గ్రూపులో విమలకుమారి గారి మెసేజ్ వచ్చింది. 'అత్యవసర ప్రార్థన. మన షెరిన్ సిస్టర్ సైకిల్ మీద నుంచి పడిపోయింది. ఎడమ చేతి మణికట్టు విరిగింది. దయచేసి అందరూ మోకరించండి.' దాని కింద జోడించిన చేతుల బొమ్మలు వరసగా పడుతూనే ఉన్నాయి. పర్సిస్ లాప్‌టాప్ ముందు కదలకుండా కూర్చుండిపోయింది. మోకరించడానికి కూడా ఆమెకు కాళ్ళు రాలేదు.

లెవి ఆసుపత్రికి వెళ్ళి, అటునుంచటే సైకిల్ కారులో వేసుకుని వచ్చాడు. సిగ్నల్ దగ్గర పచ్చలైటు పడగానే షిఫ్ట్‌కు ఆలస్యమవుతోందని ఆ పిల్ల లేచి నిలబడి తొక్కింది, చైను జారింది, పిల్ల రోడ్డు మీద పడింది. ఇదంతా లెవి రెండు ముక్కల్లో చెప్పాడు. సైకిల్ గరాజ్‌లో గోడకు ఆనించి, సబ్బుతో చాలాసేపు చేతులు కడుక్కున్నాడు. పర్సిస్ రసం, అన్నం, బంగాళాదుంప వేపుడు క్యారియర్‌లో సర్ది ఆయన చేతికిచ్చి పంపింది. తాను వెళ్ళడానికి మొహం చెల్లలేదు. శనివారం కూడా అలాగే పంపింది. పెట్టె తీసి ఇద్దామంటే ఇప్పుడు ఏమని ఇవ్వాలి? ఇన్ని రోజులూ ఎక్కడుందంటే ఏం చెప్పాలి? ఒక్క సాయంత్రం కోసం దాచింది కాస్తా ఇప్పుడు బియ్యం బస్తా కన్నా పెద్దదై కూర్చుంది.

ఆదివారం మధ్యాహ్నం ఆరాధన. అమెరికన్ చర్చివాళ్ళు తమ ప్రార్థన అయ్యాక హాలు వీళ్ళకిస్తారు. పాటలయ్యాక పాస్టర్ సుందర్ రాజ్ గారు మైకు తీసుకుని, "దేవుడు చేసిన మేలుల్ని సాక్ష్యమివ్వాలనుకునేవారు ముందుకు రావచ్చు," అన్నారు. మొదట లేచింది షెరిన్. చేతికి కట్టు, మెడలో దాన్ని మోసే పట్టీ. జుట్టంతా పోగేసి ఒక క్లిప్పులో కుక్కుకుంది.

"ప్రభువు నామంలో అందరికీ వందనాలు," అని మొదలుపెట్టింది. "నేను పడ్డప్పుడు నా వెనక కారు వస్తోంది. అది నా తల పక్కనే ఆగింది. ఆ డ్రైవరామె దిగి వచ్చి నాకన్నా ఎక్కువ ఏడ్చింది. నా సైకిల్‌కి ఒక పార్ట్ రావాలి, రాలేదు. రాలేదని రోజూ విసుక్కున్నాను. అది వచ్చుంటే నేను అంత నిదానంగా వెళ్ళేదాన్ని కాదు, పచ్చలైటు పడగానే ఆ కూడలి మధ్యలోకి దూసుకుపోయి ఏ కారు కిందో పడేదాన్నేమో. దేవుడే ఆ పార్సిల్ ఎక్కడో ఆపి ఉంచాడని నా విశ్వాసం."

"స్తోత్రం!" అన్నారు హాలులో అందరూ.

"ఇంకా... అమ్మ లేని ఊళ్ళో నాకు అన్నం పంపించిన పర్సిస్ అక్కకి, తొక్కద్దని చెప్పిన లెవి అన్నయ్యకి వందనాలు. మీ చేతుల్ని దేవుడు దీవించాలి అక్కా."

విమలకుమారి గారు వెనక వరసలోంచి వంగి పర్సిస్ భుజం తట్టారు. చుట్టూ మొహాలన్నీ ఆమె వైపు తిరిగి చల్లగా నవ్వాయి. పర్సిస్ తేలు కుట్టిన దొంగలా ఒడిలో చేతులు పెట్టుకుని కూర్చుంది. ఇంతకన్నా నలుగురూ కలిసి చెప్పులు విసిరినా బాగుండేది. ఒక్క క్షణం ఆగి ఆమెకు ఇంకోటి తెలిసొచ్చింది. ఆ దీవెనకు హాలంతా ఆమెన్ అంది, లెవి గొంతు వినపడలేదు. మగవాళ్ళ వరస వైపు చూసింది. ఆమెన్ బ్రదర్ తల వంచుకుని నేల చూస్తున్నాడు.

పార్కింగ్ లాట్‌లో కారెక్కాక లెవి తాళం తిప్పబోయాడు.

"ఆగండి," అంది పర్సిస్. "ఆ పార్సిల్ మనింట్లోనే ఉంది. బియ్యం బస్తా వెనక. నేనే దాచాను."

"తెలుసు."

ఆమె అర్థం కానట్టు చూసింది.

"బుధవారమే తెలుసు. డెలివరీ చేసినవాడు గుమ్మంలో పెట్టి ఫోటో తీసి పంపిస్తాడుగా. తలుపు సందులో నీ చెయ్యి కూడా పడింది అందులో."

"మరి నన్నడగలేదే?"

ఆయన స్టీరింగ్ పట్టుకుని ముందుకు చూస్తూ ఉండిపోయాడు. మామూలుగా అయితే ఆమె ఇక్కడ వదిలేసేది. ఇవాళ వదల్లేదు. "ఏవండీ, మిమ్మల్నే. ఎందుకడగలేదు?"

"బాగుండింది," అన్నాడు లెవి.

"ఏది?"

"నువ్వు దాచడం." ఆ మాట అనేశాక మిగతాది వెతుక్కుంటూ, తడుముకుంటూ వచ్చింది. "ఎందుకు దాచావో తెలిసింది. నేను ఎవరితో మాట్లాడినా, మాట్లాడకపోయినా నీకేం పట్టదనుకున్నా ఇన్నాళ్ళూ. నా మాట నీకక్కర్లేదనుకున్నా. అంత బరువున్న పెట్టె మోసుకెళ్ళి దాచావంటే... ఇంకొక్క రోజు చూద్దాం అనుకున్నా. గురువారం వాకింగ్‌కి పిలిస్తే వచ్చావు. మళ్ళీ ఇంకో రోజు చూద్దాం అనుకున్నా."

ఉన్నమాట చెప్పాలంటే ముందు పర్సిస్‌కు ఆనందమే వేసింది. సిగ్గు లేకుండా, పార్కింగ్ లాట్‌లో, విరిగిన చెయ్యి సాక్ష్యం చెప్పిన పావుగంటకే ఒళ్ళంతా వెచ్చబడింది. ఎన్ని సంవత్సరాలుగా అడుగుతున్న మాట అది! ఆ వెచ్చదనంలోనే మిగతాది మెల్లగా తలకెక్కింది.

"అంటే మీకు తెలిసి కూడా ఆ పిల్లని ఆ సైకిల్ మీద తిరగనిచ్చారా?"

"తొక్కద్దని చెప్పాగా."

"చెప్పారు. షిఫ్ట్ ఉందని ఆ పిల్లా చెప్పింది. నేను తలుపు దగ్గరే ఉన్నా, విన్నాను."

ఎడ్లూ ఎడ్లూ పోట్లాడుకుంటే లేగదూడ కాళ్ళు విరిగాయని ఊళ్ళో సామెత. ఇక్కడ ఎడ్లు పోట్లాడుకోను కూడా లేదు. పక్కపక్కన నిలబడి గిన్నెలు తుడుచుకున్నాయి.

"పదండి, ఆ పిల్ల దగ్గరికి వెళ్దాం," అంది పర్సిస్.

"ముందు ఇంటికి. అది బిగించేసి వెళ్దాం."

"చెయ్యి విరిగినదానికి సైకిల్ తీసుకెళ్ళి ఇస్తారా? బుద్ధుందా?"

"చేతిలో పనుంటే తప్ప నాకు మాట రాదు పర్సీ," అన్నాడు. "ఖాళీ చేతుల్తో అక్కడికెళ్తే బొమ్మలా నిలబడతాను. కొంచెం సేపు పని చెయ్యనీ."

ఇంటికొచ్చి పర్సిస్ బస్తా జరిపి పెట్టె తీసింది. ఆదివారం చీర కొంగు నడుముకు దోపి మొదటిసారి గరాజ్‌లో ముక్కాలి పీట మీద కూర్చుంది. లెవి వెనక చక్రం ఊడదీసి ఆమె మోకాళ్ళ మధ్య నిలబెట్టాడు. చైను ముక్క బిగించిన ఇనప పిడి ఒకటి ఆమె చేతికిచ్చి పళ్ళ మీద వేయించాడు. చక్రం తిరిగిపోకుండా ఆమె దాన్ని అదిమి పట్టాలి, ఆ చక్రాల్ని బిగించి ఉంచే బిళ్ళను ఆయన పానాతో తిప్పాలి. "గట్టిగా పట్టు, వదలకు," అన్నాడు. ఆమె అరచెయ్యి ఒరుసుకుపోయింది. బిళ్ళ టప్‌మని వదిలింది. అరిగిన పళ్ళ చక్రాల దొంతర ఊడి ఆమె చేతిలోకి వచ్చింది. చిన్న చక్రం పళ్ళు ఒక పక్కకు వంగి, వేలు పెడితే గుచ్చుకునేలా ఉన్నాయి. కొత్తదాని పళ్ళు మొద్దుగా, సమంగా ఉన్నాయి.

"చూశావా, ఈ పల్లం దగ్గర..." అని లెవి మొదలుపెట్టాడు. వారం రోజుల నుంచి ఆమె చెవులు కోసుకున్న గొంతు అదే.

"ఇప్పుడొద్దు," అంది పర్సిస్. "ఆ పిల్లతో ఏం చెప్తారో అది చెప్పండి ముందు."

కొత్తదాన్ని ఇరుసు మీది గాడుల్లోకి జార్చి, బిళ్ళ బిగిస్తూ ఆయన చెప్పాడు. ఒకసారి చెప్పాడు, బాగా రాలేదని మళ్ళీ చెప్పాడు. చక్రం తిరిగి వేసి పెడల్ తిప్పితే చైను ఎక్కడా తడబడకుండా ఒక చక్రం మీంచి ఇంకో చక్రం మీదికి దిగింది. ఇద్దరూ దాని వంక సంతోషం లేకుండా చూశారు.

షెరిన్ ఉండేది మూడో అంతస్తు. తలుపు తీసి వీళ్ళను చూడగానే మొహం విప్పారింది. "అక్కా! రండి, రండి. క్యారియర్ కోసం వచ్చారా? కడిగి పెట్టాను, ఒక చేత్తోనే."

పర్సిస్ చెప్పులు విప్పలేదు. గుమ్మంలోనే నిలబడి చెప్పింది. పార్సిల్ బుధవారమే వచ్చింది, నేనే దాచాను. పక్కనుంచి లెవి, గరాజ్‌లో అనుకున్న మాటలన్నీ పోయి, "నాకూ తెలుసమ్మా. తెలిసే రాలేదని చెప్పాను," అన్నాడు. అంతే వచ్చింది. అది చాలు కూడా.

షెరిన్ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"నేను సాక్ష్యం చెప్పేశానే," అంది. చెయ్యి గురించి కాదు, ముందు ఆ పిల్లకు తట్టింది అది. "పాస్టర్ గారు రికార్డ్ చేసి గ్రూప్‌లో పెట్టారు. మా అమ్మకి పంపించాను. పొద్దున్నే లేవగానే వాళ్ళ చర్చిలో వాళ్ళందరికీ వినిపిస్తుంది. దేవుడు ఆపి ఉంచాడని చెప్పానక్కా అందరి ముందూ. మీరా ఆపింది?"

"నేనే."

"మేమిద్దరం," అన్నాడు లెవి.

షెరిన్ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి గానీ కిందపడలేదు. "సైకిల్ మీ దగ్గరే ఉంచుకోండన్నయ్యా. నాకొద్దు. మీ ఇంటికి కూడా ఇంక రాను," అంది. క్యారియర్ తెచ్చి పర్సిస్ చేతికిచ్చింది. వాళ్ళు వెనక్కి తిరిగారు. లెవి నాలుగు మెట్లు దిగాడు.

"అక్కా."

పర్సిస్ ఆగింది. ఆ పిల్ల తలుపు పట్టుకుని నిలబడి ఉంది. పిలిచినందుకు తన మీద తనకే కోపంగా ఉన్నట్టుంది.

"రూమ్మేట్‌లిద్దరూ ఊళ్ళో లేరు. శుక్రవారం నుంచీ తల దువ్వుకోలేదు. రేపు పొద్దున ఎగ్జామ్."

పర్సిస్ క్యారియర్ అక్కడే పెట్టి, చెప్పులు విప్పి లోపలికి వెళ్ళింది. సింకు దగ్గర చేతులు రుద్దింది. గోళ్ళ సందుల్లో నలుపు ఎంత రుద్దినా పోలేదు. షెరిన్ దువ్వెన ఇచ్చి, పరుపు ముందు కార్పెట్ మీద ఆమెకు వీపు పెట్టి కూర్చుంది. క్లిప్పు తీస్తే జుట్టు అట్టలు కట్టి ఉంది. పర్సిస్ కొసల నుంచి మొదలుపెట్టి, కుదుళ్ళు లాగకుండా ఒక చేత్తో అదిమి పట్టుకుని చిక్కు తీసింది. చిక్కు బాగా పడ్డచోట పిల్ల 'అబ్బా' అంది. పర్సిస్ దువ్వెన వదిలి వేళ్ళతో విడదీసింది.

"నేనేం చేశానక్కా మిమ్మల్ని?" అంది షెరిన్, తిరక్కుండానే.

"నువ్వేం చెయ్యలేదు. మా ఆయన నీతో మాట్లాడాడు."

"అంతేనా?"

"అంతే."

"చైన్ గురించేగా మాట్లాడారు," అంది.

"చైన్ గురించే."

ఆ పిల్ల భుజాలు కదిలాయి. నవ్వో ఏడుపో వెనక నుంచి తెలియలేదు. పర్సిస్ పాయలు మూడు తీసి అల్లడం మొదలుపెట్టింది.

"గట్టిగా అల్లండి. రేపు సాయంత్రం దాకా ఊడకూడదు."

"సరే."

"ఈ కట్టు విప్పేదాకా రోజూ మీరే వచ్చి వెయ్యాలి. అన్నయ్య రావద్దు."

"వస్తాను."

"వచ్చి జడ వేసి వెళ్ళిపోండి. నాతో మాట్లాడద్దు."

పర్సిస్ తలూపింది. తలూపితే ముందున్న మనిషికి కనపడదని గుర్తొచ్చి, "అలాగేనమ్మా," అని రబ్బరుబ్యాండు కోసం చెయ్యి చాపింది.